ఇవార్‌లో దారి చూపడానికి ఏది మేలు: డై వేసి తీసే ఆంజియోగ్రామా, నాళం లోపలి అల్ట్రాసౌండా?

"నాన్నగారి క్రియాటినిన్ ఎక్కువగా ఉంది. బృహద్ధమని ఉబ్బు 5.5 సెంటీమీటర్లు దాటింది కాబట్టి గజ్జ దగ్గర నుంచి స్టెంట్ గ్రాఫ్ట్ పెడతామంటున్నారు. డై వేయకుండా అల్ట్రాసౌండ్‌తోనే చేయమని అడగవచ్చా?" రోగుల పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. గజ్జ నుంచి స్టెంట్ గ్రాఫ్ట్, అంటే గుడ్డ కప్పిన లోహపు గొట్టం, పెట్టే ఈ ఆపరేషన్‌నే ఇవార్ అంటాం. శిక్షణలో ఉన్న యువ సర్జన్లు ఇదే సంగతిని ఇంకోలా అడుగుతారు: ఐవస్ (నాళం లోపలి అల్ట్రాసౌండ్) చేతిలో ఉంటే ఆంజియోగ్రామ్ మానేయవచ్చా అని. ఇద్దరి దృష్టీ డై మీదే, అది కిడ్నీలకు చేసే హాని మీదే ఉంది. నా దృష్టి మాత్రం ఉబ్బు మొదలయ్యే చోటుకు పైన, కిడ్నీ ధమనులకు కింద మిగిలిన ఆ కాస్త ఆరోగ్యకరమైన గొట్టం మీద ఉంటుంది. మేం దాన్ని మెడ అంటాం. ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలన్నది తేల్చేది, నా లెక్కలో, ఆ మెడే.

పోలికలోకి వెళ్లే ముందు ఒక విషయాన్ని పక్కకు తీసి పెట్టాలి. ఇవార్‌లో అల్ట్రాసౌండ్ మూడు చోట్ల మూడు వేర్వేరు పనులు చేస్తుంది. గజ్జలో తొడ ధమనిని సూదితో గుచ్చేటప్పుడు చర్మం మీద పెట్టే ప్రోబ్ ఒకటి. సన్నటి క్యాథెటర్ కొసన అమర్చి బృహద్ధమని లోపలికే పంపే ఐవస్ రెండోది. చివర్లో పొట్ట మీద నుంచి చూసే స్కానింగ్ మూడోది. మూడింటినీ కలిపి "అల్ట్రాసౌండ్ మంచిదా కాదా" అని అడిగితే సరైన జవాబు రాదు.

వీటిలో గజ్జ దగ్గరి అల్ట్రాసౌండ్‌ను నేను పోలికకే పెట్టను, అది ఉండి తీరాలి. గ్రాఫ్ట్ వెళ్లే గొట్టం సైజు 18 ఫ్రెంచ్ (గొట్టాల లావును చెప్పే కొలత) ఉందనుకుందాం, అంటే ధమనిలో 6 మిల్లీమీటర్ల రంధ్రం. కోత లేకుండా చేసే పద్ధతిలో ఆ రంధ్రాన్ని మూసే కుట్లను మొదట్లోనే, ధమని పైగోడ గుండా వేసి ఉంచుకుంటాం. ఆ పైగోడలో సున్నం పేరుకుని ఉంటే కుట్టు పట్టదు. సూది మరీ పైకి వెళ్లి గజ్జ లిగమెంట్ దాటితే రక్తస్రావం పొట్ట వెనక్కి దిగుతుంది, అక్కడ చేత్తో నొక్కి ఆపడానికి ఎముక ఆధారం ఉండదు. మరీ కిందికి వెళ్లి ధమని రెండుగా చీలిన చోట గుచ్చితే కొమ్మ చిన్నది, గొట్టం పెద్దది. ఈ మూడు ప్రమాదాలనూ ప్రోబ్ ముందుగానే చూపిస్తుంది. వేలితో నాడి పట్టుకుని గుచ్చడం ఎంత అనుభవజ్ఞుడికైనా అంచనాయే. ఐరోపా రక్తనాళ శస్త్రచికిత్స సంఘం 2019 మార్గదర్శకాలు కూడా ఇవార్‌లో అల్ట్రాసౌండ్ సాయంతో చర్మం గుండా వెళ్లే పద్ధతినే పరిగణించమన్నాయి.

ఇక అసలు పోటీ.

ఆంజియోగ్రామ్ బలం అది ప్రవాహాన్ని చూపించడంలో ఉంది. 1990లో బ్యూనస్ ఐరిస్‌లో హువాన్ పరోడి పొట్టలోని బృహద్ధమని ఉబ్బుకు తొలిసారి ఈ పద్ధతిలో చికిత్స చేసిన నాటి నుంచి దారి చూపుతున్నది ఎక్స్‌రే తెరే. డై ఎక్కడ నుంచి బయలుదేరి ఎటు పోయిందో, ఏ కొమ్మ ముందు నిండిందో, ఏది ఆలస్యంగా నిండిందో ఒక్క పరుగులో, అంటే ఒకసారి డై వదిలి తీసే వరుస బొమ్మల్లో, తెలుస్తుంది. బలహీనత ఏమిటంటే, అది నాళం లోపలి నీడను మాత్రమే చూపిస్తుంది. గోడకు అంటుకున్న రక్తపు గడ్డ, సున్నం, గోడ మందం డైకి అందవు. పైగా అది చదునైన బొమ్మ. మెడ ముందుకు వంగి ఉన్నప్పుడు సీ-ఆర్మ్‌ను (ఎక్స్‌రే తీసే, వంచగలిగే యంత్రాన్ని) తలవైపు తగినంత వంచకపోతే మెడ కురచగా కనిపిస్తుంది, కిడ్నీ ధమని మొదలు బృహద్ధమని నీడలో కలిసిపోతుంది.

ఐవస్ దీనికి తలకిందులు. అది నాళాన్ని లోపలి నుంచి అడ్డకోతగా, గోడతో సహా చూపిస్తుంది. మెడ గుండ్రంగా ఉందా, కోలగా ఉందా, కిందికి వచ్చేకొద్దీ గరాటులా వెడల్పవుతోందా, గోడకు ఎంత గడ్డ పట్టింది, ఇవన్నీ డై చుక్క లేకుండా, గుండె కొట్టుకుంటుండగానే తెలుస్తాయి. క్యాథెటర్‌ను కిందికి లాగుతూ వస్తే ఎడమ కిడ్నీ సిర బృహద్ధమనికి ముందు నుంచి అడ్డంగా దాటుతూ కనిపిస్తుంది. ఆ చుట్టుపక్కల్లోనే కిడ్నీ ధమనులు బయటికి తెరుచుకుంటాయి. అన్నిటికన్నా కిందున్న కిడ్నీ ధమని దగ్గర క్యాథెటర్‌ను ఆపి, ఎక్స్‌రే తెర మీద ఆ స్థానాన్ని గుర్తు పెట్టుకుంటే చాలు.

దానికీ లోపాలున్నాయి. వంకరగా ఉన్న నాళంలో క్యాథెటర్ ఏటవాలుగా కూర్చుంటుంది. వెదురు బొంగును ఏటవాలుగా కోస్తే ముక్క కోలగా వచ్చినట్టు, అప్పుడు గుండ్రటి ధమని కూడా కోలగా, ఉన్నదానికన్నా వెడల్పుగా కనిపిస్తుంది. పొడవైన కొలతను నమ్మి గ్రాఫ్ట్ సైజు ఎంచుకుంటే అది అవసరానికి మించి పెద్దదవుతుంది. అందుకే ఏటవాలు కోతలో చిన్న వ్యాసాన్నే లెక్కలోకి తీసుకోవాలి, ముందు తీసిన సీటీతో సరిచూసుకోవాలి. సున్నం ఉన్న చోట దాని వెనకంతా నల్లటి నీడే. పొడవును లాగిన దూరంతో కొలవడం వంకర నాళాల్లో నమ్మదగింది కాదు.

ఇప్పుడు మెడ దగ్గరికి వద్దాం. చాలా గ్రాఫ్టులు 10 నుంచి 15 మిల్లీమీటర్ల మెడ ఉండాలని అడుగుతాయి. గ్రాఫ్ట్ వ్యాసాన్ని మెడ కన్నా 10 నుంచి 20 శాతం పెద్దదిగా ఎంచుకుంటాం, గోడను ఒత్తుకుని పట్టు దొరకాలని. మెడ 10 మిల్లీమీటర్లే ఉన్న మనిషిలో గుడ్డ అంచు మూడు మిల్లీమీటర్లు కిందికి జారితే, పట్టులో దాదాపు మూడో వంతు పోయినట్టే. అంతే దూరం పైకి వెళితే కిడ్నీ ధమని మూతపడుతుంది. ఈ ఆపరేషన్ కొన్నేళ్ల తర్వాత కూడా నిలబడుతుందా లేదా అన్నది చాలావరకు ఆ మూడు మిల్లీమీటర్లలోనే ఉంది. డై 30 మిల్లీలీటర్లు తగ్గిందా, 50 తగ్గిందా అన్నది దాని తర్వాతి మాట.

గట్టి వైరు లోపలికి వెళ్లగానే వంకర బృహద్ధమని నిటారుగా సాగుతుంది. దాని మీదుగా గ్రాఫ్ట్ వెళ్లాక ఇంకాస్త కదులుతుంది. కిడ్నీ ధమనుల స్థానం సీటీలో చూసిన చోట ఉండదు. ఆపరేషన్ మొదట్లో తీసిన ఆంజియోగ్రామ్ కూడా అప్పటికి పాతదైపోతుంది. ప్రతిసారీ కొత్తగా చూడాలంటే ప్రతిసారీ డై వేయాలి, ప్రతి పరుగుకూ రేడియేషన్ పడుతుంది. ఐవస్‌తో రెండో గజ్జ నుంచి, గ్రాఫ్ట్ లోపల ఉండగానే, ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు. నా మొగ్గు ఐవస్ వైపు ఉండటానికి అసలు కారణం ఇదే. డై ఆదా కావడం దానితోపాటు దక్కే లాభం.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఐవస్ ఉంది కదా అని సీ-ఆర్మ్ కోణాన్ని పట్టించుకోకపోతే పొరపాటే. గ్రాఫ్ట్‌ను చివరికి వదిలేది ఎక్స్‌రే తెర చూసే. ఐవస్‌తో పెట్టుకున్న గుర్తు టేబుల్ ఒక అంగుళం కదిలినా, సీ-ఆర్మ్ కాస్త వంగినా చెల్లదు. గుర్తు పెట్టాక ఎవరూ టేబుల్‌ను ముట్టుకోకూడదు.

డై విషయానికొస్తే, కిడ్నీల భయం నిజమే, కాని కుటుంబాలు అనుకునేంత సూటిగా లేదు. మామూలు ఇవార్‌లో 50 నుంచి 100 మిల్లీలీటర్ల డై పడుతుంది, చిక్కు కేసుల్లో ఇంకా ఎక్కువ. కిడ్నీ ధమనులకు సరిగ్గా పైనే దాన్ని వదులుతాం కాబట్టి అది నేరుగా కిడ్నీల్లోకే వెళుతుంది. ఇజిఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత వేగం) 30 కన్నా తక్కువ ఉన్నవారిలో ప్రతి మిల్లీలీటరూ లెక్కే. కానీ ఇవార్ తర్వాత కిడ్నీలు దెబ్బతింటే అన్ని వేళలా తప్పు డైదే కాదు. గడ్డ కట్టిన మెడలో వైర్లూ క్యాథెటర్లూ రాసుకుంటూ తిరిగితే చిన్న ముక్కలు ఊడి కిడ్నీల్లో ఇరుక్కుంటాయి. గ్రాఫ్ట్ అంచు కిడ్నీ ధమనిని కొంత మూసేసి ఉండవచ్చు. రక్తపోటు పడిపోయి ఉండవచ్చు. ఐవస్ క్యాథెటర్ కూడా ఆ గడ్డ మధ్య నుంచే వెళుతుంది కాబట్టి ఎడాపెడా లాగకుండా, చూడాల్సింది చూసి బయటికి తీయడం మంచిది. డై మానేశాం కాబట్టి కిడ్నీలు క్షేమం అని ఏ కుటుంబానికీ మాట ఇవ్వకండి.

ఐవస్ బాగా పనికొచ్చే చోటు ఇంకొకటి ఉంది, దాన్ని తక్కువగా వాడుతున్నారు. రెండో వైపు నుంచి, కింద రెండు కాళ్లుగా చీలే గ్రాఫ్ట్ పొట్టి కాలులోకి వైరు ఎక్కించాక, అది నిజంగా లోపలికే వెళ్లిందా, గ్రాఫ్ట్‌కు వెనకగా జారిందా అన్న అనుమానం వస్తుంది. క్యాథెటర్‌ను ఆ వైరు మీద పైకి పంపితే, చుట్టూ గ్రాఫ్ట్ వలయం కనిపిస్తే లోపల ఉన్నట్టు, పక్కన కనిపిస్తే బయట ఉన్నట్టు.

ఐవస్ ఓడిపోయేది చివరి అంకంలో. గ్రాఫ్ట్ విచ్చుకుందా, కాలు ఎక్కడైనా నొక్కుకుపోయిందా అన్నది అది బాగానే చూపిస్తుంది. ఉబ్బు సంచిలోకి రక్తం ఇంకా కారుతోందా, ఎటు నుంచి కారుతోంది అన్న ప్రశ్నకు నమ్మకమైన జవాబు మాత్రం ఇవ్వలేదు. పై అంచు పక్క నుంచి కారే మొదటి రకం ఎండోలీక్‌ను అక్కడికక్కడే బెలూన్‌తోనో అదనపు ముక్కతోనో సరిచేయాలి. నడుము కొమ్మల నుంచి వెనక్కి నిండే రెండో రకాన్ని చాలాసార్లు గమనిస్తూ వదిలేయవచ్చు. ఈ తేడా తేల్చేది ప్రవాహం దిశ, వేగం. కాబట్టి కిడ్నీలు బలహీనంగా ఉన్నా, అలర్జీ లేకపోతే, చివర్లో పలచన చేసిన 10 లేదా 15 మిల్లీలీటర్ల డైతో ఒక్క పరుగు తీయమంటాను. ఆ ఒక్క పరుగు కూడా వద్దనుకుని మొదటి రకం లీకును కనిపెట్టకుండా రోగిని ఇంటికి పంపడం, ఆ డై చేసే హాని కన్నా పెద్ద హాని.

మూడో అల్ట్రాసౌండ్ ఇక్కడే పనికొస్తుంది. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ సూక్ష్మ బుడగలను సిరలోకి ఎక్కించి పొట్ట మీద నుంచి చూస్తే సన్నటి లీకు కూడా దిశతో సహా దొరుకుతుంది. ఆ వాయువు ఊపిరితిత్తుల గుండా బయటికి పోతుంది, కిడ్నీలకు పని లేదు. స్థూలకాయం, పేగుల్లో గాలి ఉంటే బొమ్మ చెడుతుంది. చేసేవారి చేతి అలవాటు మీద ఫలితం బాగా ఆధారపడుతుంది. ఆపరేషన్ గదిలో కన్నా తర్వాతి తనిఖీల్లో దీనికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

మిగతావి క్లుప్తంగా. కార్బన్ డయాక్సైడ్ ఆంజియోగ్రామ్ డైకి అలర్జీ ఉన్నవారికి మంచి ప్రత్యామ్నాయం. వాయువు పైకి తేలుతుంది కాబట్టి వెల్లకిలా పడుకున్న మనిషిలో వెనక్కి తిరిగిన కిడ్నీ ధమని సరిగా నిండకపోవచ్చు. మెదడుకు చేరే ప్రమాదం ఉంది కాబట్టి డయాఫ్రం పైన దీన్ని వాడకూడదు. సీటీ బొమ్మను ఎక్స్‌రే తెర మీద పరిచే ఫ్యూజన్ సౌకర్యంగా ఉంటుంది, కాని గట్టి వైరు వెళ్లాక నాళం జరిగిపోయే సంగతి దానికి తెలియదు.

మెడ పొడవుగా, నిటారుగా ఉండి, కిడ్నీలు బాగున్న మనిషికి ఐవస్ కోసం పట్టుబట్టను. ఆ క్యాథెటర్ ఒక్కసారి వాడి పారేసేది, ఖరీదైనది, అక్కడ అది కొత్తగా చెప్పేదీ తక్కువే. మెడ కురచగానో, వంకరగానో, గడ్డతోనో ఉంటే, లేదా ఇజిఎఫ్ఆర్ తక్కువగా ఉంటే, ఐవస్ ఉన్న చోట చేయించుకోమంటాను. అది దొరకని చోట చేయాల్సి వస్తే డైని సగానికి పలచన చేసి, క్యాథెటర్ కొసను కిడ్నీ ధమనుల ఎత్తుకే తెచ్చి, కోణాన్ని సీటీలో ముందే లెక్కకట్టుకుని, గ్రాఫ్ట్ లోపలికి వెళ్లాకే, వదలడానికి సరిగ్గా ముందు ఆ పరుగు తీయాలి. డాక్టరుగారిని కలిసినప్పుడు "డై వాడతారా" అన్న ప్రశ్నతో ఆపకండి. "మెడ పొడవెంత, వంకర ఎంత, కిడ్నీ ధమని స్థానాన్ని గ్రాఫ్ట్ వదిలే ముందు మళ్లీ ఎలా సరిచూస్తారు" అని కూడా అడగండి.