టచ్‌ప్యాడ్ రిపేరు: విప్పకముందే సగం పని తేల్చే నెల్లూరు షాపు

ట్రంకు రోడ్డు పక్క సందులో, మెట్లెక్కి పోవాల్సిన చిన్న షాపు ఇది. టచ్‌ప్యాడ్ మొరాయిస్తోందని లాప్‌టాప్ ఇస్తే వెంటనే స్క్రూడ్రైవర్ తియ్యరు. "అన్నా, ముందు చార్జర్ పీకి చూడు" అంటారు. ఈ ఒక్క మాటకే సగం మార్కులు వెయ్యొచ్చు.

కర్సర్ దానంతట అది గెంతుతుంటే చాలాసార్లు తప్పు టచ్‌ప్యాడ్‌ది కాదు. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించినా, ఇంట్లో ఎర్త్ సరిగా లేకపోయినా, అడాప్టర్ నుంచి లీకయ్యే కొద్దిపాటి కరెంటు పోయే దారి లేక లాప్‌టాప్ బాడీలోనే ఉంటుంది. టచ్‌ప్యాడ్ వేలిని కనిపెట్టేది కెపాసిటెన్స్ (విద్యుత్ చార్జిని పట్టి ఉంచే గుణం) మార్పుతోనే కాబట్టి అది కాస్తా తికమకపడుతుంది. మెటల్ బాడీ అయితే చెయ్యి ఆనిస్తే జివ్వుమంటుంది కూడా. బ్యాటరీ మీద బాగుండి చార్జింగులోనే గెంతితే కబురు పెట్టాల్సింది ఎలక్ట్రీషియన్‌కు.

అసలు కదలకపోతే ఎఫ్ఎన్ కీతో టచ్‌ప్యాడ్ బొమ్మ ఉన్న కీ నొక్కి చూస్తారు. తర్వాత షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, పవర్ బటన్ 30 సెకన్లు పట్టుకుంటారు. అప్పటికీ రాకపోతే బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవ్వకముందే తెరుచుకునే సెట్టింగుల తెరలోకి పోతారు. అక్కడ కర్సర్ కదిలిందంటే పార్టు బాగున్నట్టే, గొడవ విండోస్ డ్రైవర్‌తో, అంటే టచ్‌ప్యాడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌తో. కదలకపోతే మాత్రం తొందరపడి తీర్పు చెప్పకూడదు, కొన్ని మోడళ్ల బయోస్‌లో మౌస్ అసలు ఉండదు.

విప్పాక పని చూడముచ్చటగా ఉంటుంది. ముందు బ్యాటరీ కనెక్టర్ తీస్తారు. టచ్‌ప్యాడ్‌ను బోర్డుకు కలిపే పల్చటి రిబ్బన్ కేబుల్ లాగేముందు సాకెట్ మీది బుల్లి తాళం గోటితో పైకెత్తుతారు. మైపాడు వైపు ఉప్పుగాలికి మసకబారిన కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మళ్లీ దోపాక రిబ్బన్ మీది గీత సాకెట్ అంచుకు సమంగా ఉందా అని లైటు వేసి మరీ చూస్తారు. కొంచెం వంకరగా కూర్చున్నా టచ్‌ప్యాడ్ ఒకసారి పనిచేసి ఒకసారి చెయ్యదు.

క్లిక్ గట్టిపడినా, ప్యాడ్ ఒక అంచున పైకి లేచినా కింద బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. అట్టాంటప్పుడు చార్జింగ్ ఆపెయ్యాలి, ప్యాడ్‌ను నొక్కి సర్దబోకూడదు. ఇక్కడ బ్యాటరీ మార్చకుండా టచ్‌ప్యాడ్ జోలికి పోరు. సరైన పద్ధతి.

లోపాలు లేకపోలేదు. స్క్రూలన్నీ ఒకే మూతలో పోస్తారు. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే పామ్‌రెస్ట్ (అరచేతులు ఆనించే చోటు) పైకి పొడుచుకొస్తుంది, కాబట్టి తీసేముందే ఒక ఫోటో తీసుకోవడం మేలు. పార్టు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి రావాలంటే రోజులు పడతాయి. బిల్లు మీద పార్టు నంబరు అడిగితేగాని రాయరు.

డబ్బులిచ్చే ముందు అక్కడే రెండు వేళ్ల స్క్రోలు, రెండు మూలల క్లిక్కు చూడండి. ఒకసారి చార్జర్ పెట్టి, ఒకసారి తీసి.