తిరుపతిలో చాక్లెట్ వర్క్‌షాప్: 950 రూపాయలకు ఏం నేర్పిస్తారు, ఎక్కడ చెడుతుంది

డబ్బు కట్టేముందు ఫోన్లో ఒక్క మాట అడిగి తెలుసుకోండి: మన చేత పోయించేది కాంపౌండా (వేరే కొవ్వు వేసిన చాక్లెట్), కూవర్చరా (కోకో బటర్ ఉన్న అసలు చాక్లెట్)? రేణిగుంట రోడ్డు వైపున్న ఈ చిన్న యూనిట్లో రెండూ వాడతారు. పిల్లల బ్యాచ్‌కి కాంపౌండ్, పెద్దల బ్యాచ్‌కి కూవర్చర్. ఫీజు మాత్రం ఎవరికైనా తలకి 950 రూపాయలే. అడిగితే దాచకుండా చెబుతారు గానీ వాళ్లంతట వాళ్లు చెప్పరు. లోపాలు కూడా రాస్తున్నాం కాబట్టి యూనిట్ పేరు ఇక్కడ పెట్టడం లేదు.

కాంపౌండ్‌లో కోకో పొడి ఉంటుంది గానీ కోకో బటర్, అంటే కోకో గింజలోని కొవ్వు, ఉండదు. దాని బదులు పామ్ కర్నెల్ నూనె లాంటి కొవ్వును గట్టిపరిచి వేస్తారు. కరిగించి అచ్చులో పోసి ఫ్రిజ్‌లో పెడితే చాలు, ఎవరు చేసినా వస్తుంది. బర్త్‌డే కేకు మీదికి, సెలవుల్లో పిల్లల సరదాకి పనికొస్తుంది. అంగిలికి అంటుకుని ఒక పట్టాన వదలదు, అదే దాని గుర్తు. కూవర్చర్‌లో కనీసం 31 శాతం కోకో బటర్ ఉండాలి. అది 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంటే నోటి వేడే దానికంటే ఎక్కువ. తినడానికి అంత బాగుండటానికీ, మే నెల తిరుపతిలో చేయడానికి అంత ఏడిపించడానికీ కారణం ఇదొక్కటే. ఉన్నమాట చెప్పాలంటే కాంపౌండ్ పోయడం నేర్చుకోవడానికి 950 దండగ. పదేళ్లు దాటిన పిల్లలుంటే పెద్దల బ్యాచ్‌లోనే కూర్చోబెట్టమని అడగండి, ఒప్పుకుంటారు.

చాక్లెట్ ఫ్యాక్టరీ అనగానే శ్రీసిటీలో 2016లో మొదలైన క్యాడ్బరీ వాళ్ల ప్లాంటు లాంటిది ఊహించుకుని వెళ్తే నిరాశే. ఇక్కడున్నవి మూడు గదులు, ఒక ఓవెన్, రెండు గ్రైండర్లు. అయితే గింజ దగ్గర్నుంచి మొదలుపెట్టి చూపిస్తారు, అదే దీని గొప్ప. మొత్తం రెండున్నర గంటల్లో మొదటి 40 నిమిషాలు ఈ చూపించడానికే.

దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే, గోదావరి జిల్లాల కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతరపంటగా. ఇక్కడి బస్తాలు కూడా ఆ వైపు నుంచే వస్తాయి, పులియబెట్టి ఎండబెట్టిన గింజలు. ఒక గింజను నిలువుగా కోసి చేతిలో పెడతారు. లోపల గోధుమరంగు ఉండి, సందులు సందులుగా పగుళ్లు కనిపిస్తే బాగా పులిసినట్టు. ఊదారంగుగా, గట్టిగా, నునుపుగా ఉంటే పులవలేదు. ఆ వగరు తర్వాత ఎంత వేయించినా, ఎంత పంచదార వేసినా పోదు. గింజలు పులియడానికి ఐదారు రోజులు పడుతుంది, తొందరపడి రెండో రోజే ఎండకేస్తే ఈ వగరే మిగులుతుంది.

వేయించడం ఓవెన్లో, 125 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు. మొదట వెనిగర్ లాంటి పుల్లటి ఘాటు ముక్కుకు కొడుతుంది. అది తగ్గి కమ్మటి వాసన మొదలై, ఒకటీ రెండూ గింజలు చిటపటమన్నాక తీసేయాలి. వాసన బాగుంది కదా అని ఇంకో పది నిమిషాలు ఉంచితే మాడిన చేదు వస్తుంది. ఆ తర్వాత గింజల్ని చిదిపి పొట్టు తీయాలి. ఇక్కడ బ్లోయర్ ఉన్నా వచ్చినవాళ్లకు చేట ఇచ్చి చెరగమంటారు. బియ్యం చెరగడం వచ్చినవాళ్లు బాగా చేస్తారు, మిగతావాళ్లు పలుకులు (పొట్టు పోయాక మిగిలే గింజ ముక్కలు) కూడా కింద పోస్తారు. కిలో గింజలకు ముప్పావు కిలో పైచిలుకు పలుకులు మిగులుతాయి.

పలుకులు రుబ్బేది గ్రైండర్లోనే. ఇడ్లీ పిండి రుబ్బే రాతి గ్రైండర్‌ని కాస్త మార్చి చేసిన యంత్రమే ఇవాళ ప్రపంచంలో చాలా చిన్న చాక్లెట్ యూనిట్లలో తిరుగుతోంది. అది చూసి ఇంట్లో దోశపిండి గ్రైండర్లో వేయాలని ఉత్సాహపడకండి. చాక్లెట్ 24 గంటలకు తగ్గకుండా, ఒక్కోసారి రెండు రోజులు ఆగకుండా తిరగాలి. ఇంటి మోటారు దానికి తట్టుకోదు. రాయిలో మిగిలిన తడి చాలు ముద్ద పాడుకావడానికి, మినప్పిండి వాసన సరేసరి. అంతసేపు ఎందుకు తిప్పాలో రుచి చూపిస్తే అర్థమవుతుంది: ఆరు గంటలు తిరిగినది ఒక చెంచా, ముప్పై గంటలు తిరిగినది ఒక చెంచా. మొదటిది నాలుక మీద ఇసుక. రేణువు 30 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైన ఉంటే నాలుక పట్టేస్తుంది, 20 దగ్గరికి దిగితే నునుపు. 70 శాతం కోకో ఉన్న డార్క్‌కి వాళ్ల కొలత కిలోకి 650 గ్రాముల పలుకులు, 50 గ్రాముల కోకో బటర్, 300 గ్రాముల పంచదార. పంచదార మొదట్లోనే వేయరు, పలుకులు నలిగి జారుగా అవడం మొదలయ్యాక వేస్తారు.

బెల్లం చాక్లెట్ కూడా అమ్ముతారు. చిత్తూరు బెల్లం అని లేబుల్ మీద పెద్దక్షరాలు. ఆలోచన బాగుంది, సరుకు బాగాలేదు. బెల్లంలో ఎంతో కొంత తేమ ఉంటుంది, అది చాక్లెట్‌ను చిక్కబరుస్తుంది. పొడి చేసి 50, 60 డిగ్రీల ఓవెన్లో పలచగా పరిచి బాగా ఆరబెట్టాకే గ్రైండర్లో వేయాలి. ఇక్కడి బార్ విరిచినప్పుడు పుటుక్కుమనలేదు, పంటికింద గరగరలాడింది. ఆరబెట్టడంలో తొందరపడ్డారని తెలిసిపోతోంది.

ఇక అసలు పని, టెంపరింగ్: కరిగిన చాక్లెట్‌ను లెక్కప్రకారం చల్లార్చి సరిగ్గా గట్టిపడేలా చేయడం. కోకో బటర్ గట్టిపడేటప్పుడు ఆరు రకాల స్ఫటికాలుగా కట్టగలదు. మనకు కావలసింది ఐదో రకం ఒక్కటే: మెరుపు, విరిస్తే శబ్దం, చేతికి అంటకపోవడం అన్నీ దానివల్లే. కరిగించి ఊరికే చల్లారబెడితే మిగతా రకాలు కలగాపులగంగా కట్టి, నాలుగు రోజులకు పైన బూడిదరంగు పూత తేలుతుంది. బూజు అనుకుని పారేస్తుంటారు. బూజు కాదు, పైకి తేలిన కొవ్వు. తినొచ్చు, మళ్లీ కరిగించి వాడుకోవచ్చు కూడా.

ఇక్కడ రెండు పద్ధతులు చేయిస్తారు. మొదటిది గ్రానైట్ బల్ల మీద. కుప్పం గ్రానైట్ ఉన్న సీమలో పాలరాయి వెతకనక్కర్లేదు కదా. డార్క్‌ను 45 నుంచి 48 డిగ్రీలకు కరిగించి, మూడింట రెండు వంతులు రాయి మీద పోసి, గీకుడు పలకతో పరుస్తూ, దగ్గరికి తీస్తూ 27, 28కి దించాలి. చిక్కబడుతున్నట్టు కనిపించగానే గిన్నెలో మిగిలిన వేడిదాంట్లో కలిపితే 31, 32 దగ్గర ఆగుతుంది. చూడ్డానికి మంచి తమాషా. కానీ రాయి చల్లగా ఉంటేనే. ఏసీ బ్యాచ్‌కి అరగంట ముందు వేస్తే గాలి చల్లబడుతుంది గానీ రాయి చల్లబడదు. రాయే 28 డిగ్రీలుంటే చాక్లెట్ 27కి ఎలా దిగుతుంది? మధ్యాహ్నం బ్యాచ్‌లో సగం మంది పలకతో గీకి గీకి చేతులు నొప్పెట్టించుకోవడానికి కారణం ఇదే, వాళ్ల చేతకానితనం కాదు. గది 20 డిగ్రీల దగ్గర కనీసం రెండు మూడు గంటలు ఉండాలి. ఉదయం మొదటి బ్యాచ్‌లో రాయి రాత్రంతా చల్లారి ఉంటుంది కాబట్టి కాస్త నయం.

రెండో పద్ధతి ఇంటికి పనికొచ్చేది. కిలో కూవర్చర్‌లో 700 గ్రాములు కరిగించి, పొయ్యి మీంచి దించి, మిగతా 300 గ్రాముల ముక్కల్ని మూడు విడతలుగా వేస్తూ కలపాలి. ఆ ముక్కల్లో ఐదో రకం స్ఫటికాలు ముందే ఉంటాయి, మిగతా చాక్లెట్‌కి తోడు పెట్టినట్టన్నమాట. 31, 32కి రాగానే కరగని ముక్కలుంటే తీసేయాలి. మిల్క్ అయితే 29, 30 దగ్గర, వైట్ అయితే 28, 29 దగ్గర ఆపాలి. కుదిరిందో లేదో బటర్ పేపర్ మీద కొంచెం రాసి చూస్తే ఐదు నిమిషాల్లో తెలుస్తుంది: గట్టిపడి మెరిస్తే సరే, చారలు పడినా వేలికి అంటినా మళ్లీ మొదటికి. పని మధ్యలో చిక్కబడితే హెయిర్ డ్రయ్యర్‌తో రెండు మూడు సెకన్లు వేడి చూపించి కలపండి. 34 దాటిందంటే మాత్రం కట్టిన స్ఫటికాలన్నీ కరిగిపోయినట్టే.

ఈ డిగ్రీల లెక్కంతా థర్మామీటర్ మీదే నడవాలి, ఇక్కడేమో ఆరుగురికి ఒక్కటే ఇస్తారు. అదీ తుపాకీలా గురిపెట్టేది. అది పైపొర వేడి మాత్రమే చూపిస్తుంది. బాగా కలిపిన వెంటనే చూడకపోతే రెండు మూడు డిగ్రీలు తేడా కొడుతుంది, ఇక్కడ పని పాడుకావడానికి రెండు డిగ్రీలు చాలు. గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్ ఇంట్లో ఉంటే పట్టుకెళ్లండి.

నీళ్ల విషయంలో మాత్రం నేర్పే అమ్మాయి చాలా గట్టి. "అక్కా, ఆ తడి గరిటె ఈడ పెట్టొద్దండి, ఇంగ గిన్నెడూ పోతాది" అని ఒకటికి నాలుగుసార్లు చెబుతుంది, చెప్పాలి కూడా. కరిగిన చాక్లెట్లో ఒక చుక్క నీరు పడితే పంచదార, కోకో రేణువులు ఆ తడికి ఒకదాన్నొకటి పట్టుకుని గిన్నెంతా బిరుసు ముద్ద అయిపోతుంది. డబుల్ బాయిలర్ (వేడినీళ్ల గిన్నె మీద పెట్టి కరిగించే పాత్ర) ఆవిరి, సరిగ్గా ఆరని అచ్చు, చెమట చెయ్యి, ఏదైనా చాలు. ముద్దయినదాన్ని పారేయకండి. విచిత్రంగా అనిపించినా దానికి మందు ఇంకాస్త నీరే. 100 గ్రాములకు 30 మిల్లీలీటర్ల వేడి పాలో క్రీమో పోసి కలిపితే మళ్లీ జారుతుంది. అచ్చుల్లోకి పనికిరాదు, ఐస్‌క్రీమ్ మీద పోసుకోవచ్చు.

అచ్చులు గట్టి పాలీకార్బొనేట్‌వి, మంచివే. దూదితో తుడిచి ఇస్తారు. నిండా పోసి, బల్లకేసి తట్టి బుడగలు పోగొట్టి, వెంటనే బోర్లిస్తే లోపలి అంచుకు పలచని పెంకు నిలుస్తుంది. అది గట్టిపడ్డాక ఫిల్లింగ్, పైన మూత. ఫ్రిజ్‌లో 15 నిమిషాలు పెట్టాక అచ్చును కిందినుంచి చూడండి. చాక్లెట్ గట్టిపడేటప్పుడు కాస్త ముడుచుకుంటుంది కాబట్టి, విడిపోయిన చోట వెండిపొర లాగా తెల్లగా కనిపిస్తుంది. ఇంకా నల్లగా తడిగా కనిపించే మచ్చలుంటే ఆగాలి. ఇక్కడ తొందరపెట్టి ఐదు నిమిషాలు ముందే కొట్టిస్తారు, మూలలు విరిగేది అందుకే.

ఫిల్లింగులు రెండు. శెనక్కాయలది అద్భుతం: దోరగా వేయించి, పొట్టు తీసి, పంచదారతో నూనె తేలేదాకా రుబ్బి, మూడో వంతు కరిగిన మిల్క్ చాక్లెట్ కలుపుతారు. నీటి తడి లేదు కాబట్టి మూడు వారాలు నిలుస్తుంది. మామిడిది తోతాపురి గుజ్జుతో. గుజ్జులో ఐదింట నాలుగు వంతులకు పైగా నీరే. దాన్ని సగానికి దగ్గరపడేదాకా ఉడికించి చల్లార్చి, 200 గ్రాముల వైట్ చాక్లెట్‌కి 60 గ్రాముల క్రీమ్, 50 గ్రాముల ఉడికించిన గుజ్జు కలిపితే సరిపోతుంది. ఇక్కడ డబ్బా గుజ్జును అలాగే కలిపేస్తున్నారు. రుచికేం లోటు లేదు గానీ పెంకు లోపలినుంచి మెత్తబడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో తినేయండి. ఇచ్చే డబ్బా మీద తయారీ తేదీ వేయరు, అమ్మే బార్ల మీద ఉన్న శ్రద్ధ దీనిమీద లేదు. శెనక్కాయ, జీడిపప్పు, పాలు అన్నీ అవే గిన్నెల్లో తిరుగుతాయి కాబట్టి అలర్జీ ఉన్నవాళ్లు పోకపోవడమే మంచిది.

తలకి 12 చాక్లెట్లు చేతికిస్తారు, అట్టపెట్టెలో. బండి డిక్కీలో పెడితే ఇల్లు చేరేలోపు కరిగిపోతాయి. చిన్న థర్మోకోల్ డబ్బా, గుడ్డలో చుట్టిన ఐస్ ప్యాక్ తీసుకెళ్లండి. ఇంటికెళ్లాక డబ్బాను వెంటనే తెరవకూడదు. లోపలి చల్లదనం గది వేడికి చేరేదాకా ఓ గంట ఆగాలి, లేకపోతే చాక్లెట్ల మీద నీరు పట్టి, ఆరాక పంచదార తెల్లగా తేలుతుంది.

బయటి ఊళ్లనుంచి వచ్చేవాళ్లు దర్శనం రోజునే దీన్ని పెట్టుకోకండి. క్యూలో ఎన్ని గంటలో ఎవరూ చెప్పలేరు, బ్యాచ్ తప్పితే డబ్బు వెనక్కి ఇవ్వరు. స్థానికులైతే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, వారం మధ్యలో, ఉదయం పదింటి బ్యాచ్ తీసుకోండి. ఆదివారం బ్యాచ్‌లో పదహారు మందిని కూర్చోబెడతారు, రాయి మీద ఒక్కొక్కరికి దక్కేది రెండు నిమిషాలు. బార్లు కొనాలనుకుంటే 70 శాతం డార్క్ ఒక్కటి తీసుకోండి.