రాష్ట్ర చిహ్నంగా ఓడ: అసలుదా, నమూనాదా?

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం 1995లో యూఎస్ఎస్ టెక్సస్ యుద్ధనౌకను అధికారిక నౌకగా ప్రకటించింది. 2003లో కాలిఫోర్నియా ఎంచుకున్న ‘కాలిఫోర్నియన్’ తెరచాప ఓడ మాత్రం పాత రెవెన్యూ (సుంకాల శాఖ) గస్తీ ఓడ నమూనాలో 1984లో కట్టినది.

చరిత్ర: 1944లో రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంపై ఫిరంగి గుండ్లు కురిపించిన ఓడ సాక్షాత్తు టెక్ససే. ఈ విలువ ఏ నమూనాకూ రాదు.

ఖర్చు: అసలు చిక్కంతా ఇక్కడే. టెక్సస్ ఓడ 1948 నుంచి హూస్టన్ దగ్గర ఎక్కువ కాలం నీళ్లలోనే నిలబడింది. అడుగు ఉక్కు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి, పంపులతో నీళ్లు తోడుతూనే ఉండాల్సి వచ్చింది. 2019లో రాష్ట్రం 3.5 కోట్ల డాలర్లు కేటాయించాకే, 2022లో గాల్వెస్టన్ డ్రై డాక్‌కు (ఓడను నీళ్లలోంచి తీసి మరమ్మతు చేసే చోటుకు) లాక్కెళ్లగలిగారు. చట్టం చేస్తే బిరుదు వస్తుంది, డబ్బు రాదు. విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని నేలమీద నిలిపారు కాబట్టి తోడే బాధ లేదు, ఉప్పుగాలి బాధ ఉంది.

శ్రమ: చెక్క నమూనాకు శిక్షణ పొందిన సిబ్బంది ఏడాది పొడవునా కావాలి. వాననీరు నిలిచిన చోట చెక్క కుళ్లుతుంది.

ఉపయోగం: నమూనా రేవు రేవుకూ వెళ్తుంది, పిల్లలు తాడు పట్టి తెరచాప ఎత్తొచ్చు.

అసలు ఓడ ఉండి, డ్రై డాక్ నిధి ముందే చేతిలో ఉంటే దానికే బిరుదివ్వండి. ఓడ మిగలకపోయినా, బడి పిల్లలకు సముద్రయానం నేర్పడమే లక్ష్యమైనా నమూనాయే మేలు.