వరి జన్యు చిప్పు: ఏళ్ల తరబడి వాడాక నా అంచనా

ముందుగా తీర్పు చెప్పేస్తాను. ఒకే జన్యువు పనితీరు రెండు పరిస్థితుల్లో ఎంత మారిందో తెలుసుకోవడానికి మైక్రోఅరే, అంటే వేల జన్యువుల పనితీరును ఒకేసారి కొలిచే జన్యు చిప్పు, ఇప్పటికీ నమ్మదగిన సాధనమే. రెండు వేర్వేరు జన్యువుల్లో ఏది ఎక్కువగా పనిచేస్తోందని అడిగితే మాత్రం అది ఇచ్చే జవాబును లెక్కలోకి తీసుకోవద్దు. నేను ఎక్కువగా వాడింది ఆఫిమెట్రిక్స్ వారి వరి జీన్‌చిప్. ఆకు, వేరు, వెన్ను, పాలు పోసుకుంటున్న గింజ, ఇలా మొక్కలోని అన్ని భాగాలనూ దాని మీద పరీక్షించాను.

వేలిగోరంత గాజు పలక మీద దాదాపు 51 వేల ట్రాన్‌స్క్రిప్టులను, అంటే జన్యువులు పనిచేసేటప్పుడు తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ ప్రతులను, పట్టుకునే ప్రోబ్‌లు ఉంటాయి. ఒక్కో ప్రోబ్ 25 అక్షరాల డీఎన్‌ఏ ముక్క. సిలికాన్ చిప్పుల తయారీలో లాగా కాంతితో, ఒక్కో అక్షరం చొప్పున, గాజు మీదే వాటిని పేరుస్తారు. 1995లో స్టాన్‌ఫర్డ్‌లో షీనా, బ్రౌన్ బృందం గాజు మీద చుక్కలు పెట్టి, ప్రయోగశాలల్లో వాడే చిన్న మొక్క అరబిడాప్సిస్ జన్యువులు 45 మాత్రమే కొలిచింది. అక్కడి నుంచి పదేళ్లలో ఇంత దూరం రావడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఈ చిప్పుతో పని అంటే ఓపికతో పని. ఆర్‌ఎన్‌ఏ తీసి, దాన్నుంచి బయోటిన్ (తర్వాత మెరిసే రంగును పట్టుకునే గుర్తు) తగిలించిన నకళ్లు చేసి, 94 డిగ్రీల వేడిలో ముక్కలు చేసి, ప్లాస్టిక్ పెట్టెలో అమర్చిన చిప్పులోకి పిపెట్‌తో ఎక్కిస్తాం. లోపల గాలి బుడగ ఒకటి మిగలాలి. పెట్టెను అటూ ఇటూ వంచితే ఆ బుడగ అడ్డు లేకుండా జారాలి, ఎందుకంటే ద్రావణాన్ని కలిపేది అదే. తర్వాత 45 డిగ్రీల దగ్గర 16 గంటలు తిరుగుతూ ఉంటుంది. మర్నాడు కడిగి, రంగు పట్టించి, స్కానర్‌లో పెట్టే ముందు మాత్రం లోపల ఒక్క బుడగ కూడా ఉండకూడదు. తెరపై బొమ్మ రాగానే నేను మొదట చూసేది పై ఎడమ మూల. అక్కడ చిప్పు పేరు మెరిసే చుక్కలతో రాసి ఉంటుంది. ఆ అక్షరాలు, అంచుల్లోని చుక్కలు స్పష్టంగా కనిపిస్తే కడగడం, రంగు పట్టడం సరిగ్గా జరిగినట్టే.

చిప్పు చెడిపోవడం అరుదు. చెడిపోయేది అంతకు ముందున్న ఆర్‌ఎన్‌ఏ. పాలు పోసుకునే గింజను నూరితే పిండిపదార్థం జిగురులా అడ్డుపడుతుంది, లిథియం క్లోరైడ్‌తో మరోసారి శుద్ధి చేయనిదే పని జరగదు. నకళ్ల తయారీ ఆర్‌ఎన్‌ఏ తోక వైపు నుంచి మొదలవుతుంది. అందుకే ఆర్‌ఎన్‌ఏ విరిగిపోతే తోక వైపు ప్రోబ్‌లు మెరుస్తాయి, తల వైపువి మసకబారతాయి. ఆక్టిన్ వంటి నియంత్రణ జన్యువుల్లో ఈ రెండింటి నిష్పత్తి 3 దాటిందంటే ఆ ఫలితాన్ని నేను వాడను.

మన ప్రాంతపు రకాలతో పనిచేసేవారు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ చిప్పు మీది ప్రోబ్‌లలో అత్యధికం వరిలోని రెండు ప్రధాన ఉపజాతుల్లో ఒకటైన జపోనికా జన్యుక్రమం నుంచి తీసుకున్నవి. సాంబ మసూరి రెండోదైన ఇండికా రకం. 25 అక్షరాల ముక్క మధ్యలో ఒక్క అక్షరం తేడా ఉన్నా అతుకు బలహీనపడుతుంది. దాంతో జన్యువు చక్కగా పనిచేస్తున్నా చిప్పు తక్కువ చూపిస్తుంది. సాంబ మసూరిని సాంబ మసూరితోనే, తెగులు సోకిన ఆకును సోకని ఆకుతో పోల్చితే ఇబ్బంది లేదు, రెండువైపులా అదే లోటు ఉంటుంది. దాన్ని జపోనికా రకమైన నిప్పన్‌బారేతో పోల్చి ‘వందలాది జన్యువులు తగ్గాయి’ అని ప్రకటించే పత్రాలు చూస్తే మాత్రం నాకు బాధ కలుగుతుంది. అందులో ఎంత వ్యక్తీకరణ (జన్యువు పనిచేసే స్థాయి) తేడానో, ఎంత అక్షరాల తేడానో విడదీయకుండా ఆ మాట అనకూడదు.

లెక్కల సంగతికి వస్తే, ప్రతి ప్రోబ్‌కూ జతగా 13వ అక్షరం మార్చిన మరో ప్రోబ్ ఉంటుంది. పొరపాటు అతుకులను కొలిచి తీసేయడం దాని ఉద్దేశం. కానీ దాదాపు మూడో వంతు జతల్లో ఈ తప్పు ప్రోబే ఎక్కువ మెరుస్తుంది. అందుకే 2003లో వచ్చిన ఆర్‌ఎంఏ అనే లెక్కింపు పద్ధతి దాన్ని పూర్తిగా పక్కన పెట్టింది, నేనూ అదే వాడతాను. ఆ పద్ధతి అన్ని చిప్పుల విలువల విస్తరణనూ ఒకేలా సరిచేస్తుంది. ఆకును ఆకుతో పోల్చేటప్పుడు ఇది సబబే. ఆకును పుప్పొడితో పోల్చేటప్పుడు కాదు, ఎందుకంటే అక్కడ పనిచేసే జన్యువుల సమూహమే వేరు. స్కానర్ పరిమితి కూడా గుర్తుంచుకోవాలి. దాని సంఖ్యలు 65,535 దగ్గర ఆగిపోతాయి, గింజలో ప్రోటీన్ నిల్వ చేసే జన్యువులు ఆ కప్పును తాకేస్తాయి. అడుగున తక్కువగా పలికే జన్యువులు నేపథ్య వెలుగులో కలిసిపోతాయి. ఒక్కో జన్యువును విడిగా కొలిచే క్యూపీసీఆర్‌ పరీక్షలో పది రెట్లుగా తేలిన మార్పు చిప్పు మీద అంతకంటే చిన్నదిగా కనిపించడం మామూలే. దిశ మాత్రం ఎక్కువసార్లు సరిగ్గానే ఉంటుంది.

ఇన్ని పరిమితులున్నా దీన్ని నేనెందుకు ఇష్టపడతానంటే, కొన్ని ప్రశ్నలకు జవాబు వ్యక్తీకరణలోనే ఉంది. మెరుగుపరచిన సాంబ మసూరిలో బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకోవడానికి చేర్చిన మూడు జన్యువుల్లో ఎక్స్‌ఏ13 ఒకటి. దాని బలం కొత్త ప్రోటీన్‌లో లేదు. బ్యాక్టీరియా తన ఆహారం కోసం మొక్కలోని చక్కెర రవాణా జన్యువును మేల్కొలుపుతుంది, ఎక్స్‌ఏ13 ఉన్న మొక్కలో ఆ జన్యువు ముందున్న మీట మారిపోయి ఉండటంతో అది మేల్కొనదు. ప్రోటీన్‌ను రాసే భాగాన్ని మాత్రమే చదివితే ఈ సంగతి అంతుపట్టదు. ఏ జన్యువు ఎప్పుడు పలికిందో కొలవాల్సిందే.

ఇప్పుడు కొత్తగా ప్రయోగం మొదలుపెట్టేవారికి నా సలహా ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్, అంటే ప్రోబ్‌లు లేకుండా ఆర్‌ఎన్‌ఏ అక్షరాలనే చదివి లెక్కించడం. ఇండికా రకాలకైతే మరో ఆలోచనే అక్కర్లేదు, మీ రకం అక్షరాలను అది నేరుగా చదువుతుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా నియంత్రణ (తెగులు సోకని) నమూనాలన్నీ ఒక రోజు, తెగులు నమూనాలన్నీ మరో రోజు చేయవద్దు. రెండూ ప్రతి విడతలోనూ కలిసి ఉండాలి. రోజుల తేడా తెగులు తేడాతో కలిసిపోతే ఏ గణితమూ వాటిని విడదీయలేదు.

జన్యు వ్యక్తీకరణ ఫలితాలను అందరికీ అందుబాటులో ఉంచే జియో (GEO) భాండాగారంలో ఈ చిప్పు ఫలితాలు జీపీఎల్2025 సంఖ్య కింద పెద్ద సంఖ్యలో ఉచితంగా దొరుకుతాయి. ఖర్చు లేకుండా పరిశోధన మొదలుపెట్టాలనుకునే విద్యార్థులకు నేను మొదట చూపించేది ఇదే. ప్రోబ్‌ల అక్షరాలు కూడా బహిరంగంగానే ఉన్నాయి కాబట్టి, వాటిని ఇప్పటి జన్యుక్రమంతో మళ్లీ సరిపోల్చండి. ఒకటికి మించిన చోట్ల అతికేవాటిని, మీ రకంలో అక్షరం తేడా ఉన్నవాటిని తీసేసి, మిగిలినవాటితో లెక్క కట్టండి. ఒక్కో ప్రోబ్ వెలుగు విలువ ఉండే ముడి సెల్ (CEL) ఫైళ్లు లేకుండా తుది పట్టిక ఒక్కటే పెట్టినవాటిని వదిలేయండి. వాటిని ఇలా సరిచేసే మార్గం లేదు.