స్పార్క్‌స్టేషన్ 20: ఏళ్ల తరబడి వాడాక

స్పార్క్ ప్రాసెసర్లతో నడిచే పాత వర్క్‌స్టేషన్ స్పార్క్‌స్టేషన్ 20 కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఎన్ని ప్రాసెసర్లు పెట్టొచ్చని. నాలుగు పెట్టొచ్చు. ఇన్నేళ్లు వాడాక నా సలహా మాత్రం వేరు: ఒక్కటే పెట్టుకోండి, మిగిలిన ఓపిక ఓపెన్‌బూట్ (ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందు నడిచే ఫర్మ్‌వేర్) నేర్చుకోవడానికి దాచుకోండి. ఈ పెట్టెలో ఇప్పటికీ వయసు మీద పడనిది అదొక్కటే.

సన్ మైక్రోసిస్టమ్స్ దీన్ని 1994లో తెచ్చింది. పిజ్జా బాక్స్ అని పేరుపడ్డ పల్చటి చదరపు పెట్టె. లోపల ప్రాసెసర్లకు రెండు ఎంబస్ స్లాట్లు (ఒక్కోదాంట్లో రెండు ప్రాసెసర్ల మాడ్యూల్ వేస్తేనే ఆ నాలుగు), కార్డులకు నాలుగు ఎస్‌బస్ స్లాట్లు, మెమరీకి ఎనిమిది. ఒక్కోదాంట్లో 64 ఎంబీ వేస్తే మొత్తం 512 ఎంబీ అవుతుంది. మొదటి పూర్తి నిడివి కంప్యూటర్ యానిమేషన్ సినిమా ఫ్రేములు వీటి మీదే రెండర్ చేశారన్న మాట దీని పేరెత్తగానే ఎవరో ఒకరు అంటారు. నిజమే, వందకు పైగా మెషీన్లు కలిసి చేశాయి ఆ పని. ఇంట్లో ఒక్కటి పెట్టుకున్నవాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక ఓపెన్‌బూట్. కీబోర్డు మీద స్టాప్, ఏ కలిపి నొక్కితే నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కడిదక్కడ ఆగిపోయి 'ఓకే' ప్రాంప్ట్ వస్తుంది. 'గో' అని కొడితే ఆగినచోటి నుంచే మళ్లీ కదులుతుంది. పీసీ బయోస్‌కు అలవాటుపడినవాళ్లు మెనూ కోసం వెతుకుతారు. ఇక్కడ ఉన్నది ఏకంగా ఫోర్త్ భాష. తొమ్మిదికి ఒకటి కలపమంటే 'ఏ' అని జవాబిస్తుంది, ఎందుకంటే లెక్కంతా మొదట్నుంచీ హెక్సాడెసిమల్‌లోనే, అంటే పదహారు అంకెల పద్ధతిలో. సన్‌లో మిచ్ బ్రాడ్లీ మొదలుపెట్టిన ఈ పని 1989 నాటి స్పార్క్‌స్టేషన్ 1తో బయటికొచ్చి, 1994లో ఐఈఈఈ 1275 ప్రమాణమైంది. 'షో-డెవ్స్' కొడితే మెషీన్‌లోని పరికరాలన్నీ ఒక చెట్టుగా కనిపిస్తాయి. ఏఆర్‌ఎం లైనక్స్ బోర్డుల్లో డివైస్ ట్రీ అంటున్నది ఈ చెట్టు వారసత్వమే. ఎస్‌బస్ కార్డు తన సంగతులు తన ప్రోమ్ చిప్‌లోనే ఎఫ్‌కోడ్‌గా (ఫోర్త్‌కు కుదించిన రూపం) రాసుకుని వస్తుంది కాబట్టి, ఆపరేటింగ్ సిస్టమ్ లోడ్ కాకముందే ఫర్మ్‌వేర్ దాన్ని గుర్తుపడుతుంది.

రోజువారీ వాడకంలో దీని విలువ రిపేరు దగ్గర తెలుస్తుంది. డిస్క్ కనపడకపోతే, డిస్కులు తగిలించే స్కజీ బస్సును వెతికే 'ప్రోబ్-స్కజీ'. నెట్‌వర్క్ అనుమానమైతే 'వాచ్-నెట్': మంచి ప్యాకెట్‌కు చుక్క, చెడ్డదానికి ఇంటూ గుర్తు పడుతుంటాయి. గడియారం ఆగిందేమో చూడాలంటే 'వాచ్-క్లాక్'. తప్పు హార్డ్‌వేర్‌దా, సాఫ్ట్‌వేర్‌దా అన్న తగువు స్క్రూడ్రైవర్ పట్టకముందే తేలిపోతుంది.

ఆ గడియారంతోనే అసలు తలనొప్పి. సెట్టింగులు గుర్తుంచుకునే ఎన్‌వీర్యామ్ చిప్‌లో మెమరీ, గడియారం, బ్యాటరీ మూడూ ఒకే కవచంలో ఉంటాయి. ఇంత వయసున్న మెషీన్‌లో మొదటి బ్యాటరీ ఇంకా బతికి ఉందని ఆశ పెట్టుకోవద్దు. అది పోయాక ఈథర్‌నెట్ అడ్రస్ అంతా ఎఫ్‌లుగా మారి, ఐడీప్రోమ్ (మెషీన్ గుర్తింపు వివరాలు) చెల్లదన్న సందేశం వస్తుంది. హోస్ట్ ఐడీ కూడా పోతుంది కాబట్టి దాన్ని నమ్ముకున్న లైసెన్సు సాఫ్ట్‌వేర్లూ మొరాయిస్తాయి. 'కొత్తవి' అని అమ్మే చిప్పుల్లో చాలా వరకు పాత బోర్డుల నుంచి పీకినవే. నా పద్ధతి ఒకటే: చిప్ పైకవచాన్ని ఒకవైపు ఆకురాయితో అరగదీసి, లోపలి బ్యాటరీ తీగ తెంపి, బయట నాణెం బ్యాటరీకి సాకెట్ అతికించడం. తర్వాత ఓకే ప్రాంప్ట్‌లో 'ఎంకేపీ'తో ఒక్కో బైటూ రాయాలి. మెషీన్ రకం 72, అడ్రస్ మొదటి మూడు బైట్లు 8, 0, 20, చివర్లో మొదటి పదిహేను బైట్ల ఎక్స్‌ఓఆర్ చెక్‌సమ్, అంటే రాసింది సరేనా అని చూసుకునే బైటు. అంకెలన్నీ హెక్సాడెసిమల్‌లోనే. దాన్ని కూడా చేత్తో లెక్కకట్టక్కర్లేదు, ఒక్క వరస ఫోర్త్‌లో లూప్ రాస్తే మెషీనే కట్టుకుంటుంది. టంకం పట్టడం వచ్చినవాళ్లకు ఇదొక మధ్యాహ్నం పని.

రెండో శత్రువు వేడి. ఇంత పల్చటి పెట్టెలో రెండు ప్రాసెసర్ మాడ్యూళ్లు, రెండు తిరిగే డిస్కులు పెడితే లోపల కుంపటే. వెడల్పాటి మాడ్యూళ్లు కొన్ని ఎస్‌బస్ స్లాట్లను కూడా కప్పేస్తాయి. అందుకే 75 మెగాహెర్ట్జ్ సూపర్‌స్పార్క్ 2 మాడ్యూల్ ఒక్కదానితో సరిపెట్టుకున్నాను. ఇంకో రకం ప్రాసెసర్ హైపర్‌స్పార్క్ అంకెల్లో ఆకర్షణీయమే గానీ, ఆ వేగంతో నేను చేసే పనేమీ లేదు. డిస్కులు తీసేసి ఎస్‌డీ కార్డుతో నడిచే స్కజీ ఎమ్యులేటర్ పెట్టాక గదిలో మాట వినిపిస్తోంది. స్కజీ బస్సు వేగం ఎలాగూ సెకనుకు 10 ఎంబీ దాటదు. ఎమ్యులేటర్ అమర్చేటప్పుడు సన్ అలవాట్లు గుర్తుంచుకోవాలి: బూట్ డిస్క్‌కు స్కజీ టార్గెట్ నంబరు 3, సీడీ డ్రైవ్‌కు 6. అసలు సీడీ డ్రైవే వాడతానంటే అది 512 బైట్ల సెక్టార్లు ఇవ్వగలగాలి, లేకపోతే బూట్ కాదు.

మానిటర్ గురించి ఎక్కువ చెప్పను. 13డబ్ల్యూ3 కనెక్టర్, కాంపోజిట్ సింక్, 1152 × 900 రిజల్యూషన్: ఈ మూడూ కలిసి చాలా ఎల్‌సీడీలను దడిపిస్తాయి. కీబోర్డు లేకుండా ఆన్ చేస్తే కన్సోల్ దానంతటదే 9600 బాడ్ సీరియల్ పోర్టుకు మారిపోతుంది. నేను ఏళ్లుగా వాడుతున్నది అలాగే. పాత ఆప్టికల్ మౌస్ కొంటే దాని గళ్ల లోహపు ప్యాడ్ కూడా అడగండి, అది లేకుండా బాణం కదలదు.

సన్ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ సోలారిస్‌లో దీనికి ఆఖరిది 9. 10 వచ్చేసరికి 32 బిట్ స్పార్క్‌ను వదిలేశారు. నా చేతికి హాయిగా అనిపించేది 2.6. కొత్తది కావాలంటే నెట్‌బీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది, 2024లో వచ్చిన నెట్‌బీఎస్‌డీ 10లో కూడా స్పార్క్ పోర్టు ఉంది. గుప్తీకరణతో నడిచే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ మాత్రం ఓపికకు పరీక్ష. నాది బయటి ప్రపంచంతో సంబంధం లేని సొంత నెట్‌వర్క్‌లో ఉంటుంది కాబట్టి గుప్తీకరణ లేని టెల్నెట్‌తో కానిచ్చేస్తాను.

ఇంతా చేసి దీంతో చేసే పనేంటంటే సీ ప్రోగ్రాములకు పరీక్ష పెట్టడం. బఫర్‌లో బేసి అడ్రస్ దగ్గర మొదలయ్యే నాలుగు బైట్లను ఇంట్ పాయింటర్‌గా చదివితే ఎక్స్86 చూసీచూడనట్టు పోనిస్తుంది. స్పార్క్ బస్ ఎర్రర్ ఇచ్చి అక్కడికక్కడే కూలుస్తుంది. ఇది బిగ్ ఎండియన్ (సంఖ్యలో పెద్ద విలువున్న బైటును ముందు దాచేది), ఎక్స్86 దానికి తలకిందులు కాబట్టి, పూర్ణాంకాలను ఫైల్లోకి ఉన్నవున్నట్టు దింపేసే కోడ్ కూడా దొరికిపోతుంది. ఒక్కటి మాత్రం దీని కన్నుగప్పుతుంది. నెట్‌వర్క్ బైట్ క్రమమూ బిగ్ ఎండియనే కాబట్టి, పంపేటప్పుడు క్రమం మార్చడం మరిచిన కోడ్ ఇక్కడ చక్కగా నడుస్తుంది. ఆ తప్పు పట్టడానికి మామూలు పీసీ కావాల్సిందే.

కేవలం ఓపెన్‌బూట్, ఈ బస్ ఎర్రర్ల కోసమే అయితే స్పార్క్‌స్టేషన్ 5 కూడా సరిపోతుంది. దాని ప్రాసెసర్ బోర్డు మీదే ఉంటుంది, ఎంబస్ గొడవ లేదు, వేడి తక్కువ. మెమరీ మాత్రం ఇందులోది తీసి అందులో వేద్దామనుకోకండి: దీని మాడ్యూల్‌కు 200 పిన్నులు, దానికి 168.