లామ్ కెరీరా, ష్వైన్‌స్టైగర్ కెరీరా? ఏది మేలు?

జర్మనీ ఫుట్‌బాల్ టాపిక్ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు, ఫిలిప్ లామ్ గొప్పా, బాస్టియన్ ష్వైన్‌స్టైగర్ గొప్పా అని. 2024 యూరో కప్ జర్మనీలో జరిగినప్పుడు లామ్ టోర్నమెంట్ డైరెక్టర్‌గా మళ్ళీ కనపడ్డాడు కదా, అప్పట్నుంచి ఈ ప్రశ్న ఇంకా ఎక్కువైంది. ఇద్దరూ గొప్పోళ్ళే అనేసి తప్పించుకోవడం నాకిష్టం లేదు, అందుకే నా లెక్క ఏంటో వివరంగానే రాస్తున్నా.

ట్రోఫీలతో మాత్రం ఇది తేలదు. ఇద్దరూ బేయర్న్ మ్యూనిక్ యూత్ టీముల్లోంచి వచ్చినవాళ్ళే, 2002 నవంబర్‌లో ఫ్రాన్స్ క్లబ్ లాన్స్‌తో ఆడిన చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లో ఇద్దరూ సబ్‌స్టిట్యూట్లుగా దిగి ఒకే రాత్రి మొదలుపెట్టారు. ఇద్దరికీ 8 బుందెస్‌లీగాలు (జర్మనీ లీగ్ టైటిళ్ళు), 2013 చాంపియన్స్ లీగ్, 2014 వరల్డ్ కప్. జర్మన్ కప్ మాత్రం ష్వైనీకి (ష్వైన్‌స్టైగర్ ముద్దుపేరు) ఒకటి ఎక్కువ, 7కి 6. దేశం తరఫున లామ్ 113 మ్యాచ్‌లు ఆడి 5 గోల్స్, ష్వైనీ 121 ఆడి 24 గోల్స్. లామ్ డిఫెండర్, ష్వైనీ మిడ్‌ఫీల్డర్, కాబట్టి గోల్స్ పక్కపక్కన పెట్టి పోల్చినా లాభం లేదు.

మరి దేన్ని చూడాలి అంటే, నా దృష్టిలో ఒక్కటే, ఆడే చోటు మార్చినప్పుడు ఆటగాడు ఏమయ్యాడు అన్నది. ఎందుకంటే ఇద్దరి కెరీర్లూ మలుపు తిరిగింది అక్కడే.

ముందు ష్వైనీ సంగతి. మొదట్లో అతను వింగర్, అంటే టచ్‌లైన్ పక్క నుంచి దాడి చేసేవాడు. కుర్రాడు స్పీడు మీదున్నాడు, దూరం నుంచి గట్టిగా కొడతాడు, 2006 వరల్డ్ కప్‌లో మూడో స్థానం కోసం పోర్చుగల్‌తో ఆడిన మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టాడు, జర్మనీ కొట్టిన మూడింట్లో మిగిలిన గోల్ కూడా అతని ఫ్రీ కిక్‌కే పోర్చుగల్ ఆటగాడి కాలు తగిలి లోపలికెళ్ళింది. అంతా బాగానే ఉంది కానీ ఒక రోజు మెరుపు, ఒక రోజు మబ్బు అన్నట్టుండేది వ్యవహారం. 2009లో వాన్ గాల్ బేయర్న్ కోచ్‌గా వచ్చి అతన్ని తీసుకెళ్ళి మధ్యలో నిలబెట్టాడు, అంతే, మనిషే మారిపోయాడు. తర్వాతి ఏడాది వరల్డ్ కప్‌లో అర్జెంటీనాని 4-0తో కొట్టిన మ్యాచ్ మీలో చాలామంది చూసే ఉంటారు, అందులో మూడో గోల్‌కి ఎడమ పక్క నుంచి ముగ్గుర్ని దాటుకుంటూ లోపలికొచ్చి ఫ్రీడ్రిచ్‌కి పెట్టిన బంతి చూస్తే పాత వింగరూ కొత్త మిడ్‌ఫీల్డరూ ఇద్దరూ ఒకే మనిషిలో కనపడతారు. ఆ మార్పు లేకపోతే ష్వైనీ మంచి ప్లేయర్‌గా మిగిలిపోయేవాడు, గొప్ప ప్లేయర్ అయ్యేవాడు కాదు, ఇది నా గట్టి నమ్మకం.

లామ్ విషయం వేరు. అతన్ని ఎక్కడ పెట్టినా మొదట్నుంచీ అదే స్థాయి. బేయర్న్‌లో అప్పట్లో ఫుల్ బ్యాక్‌లుగా, అంటే రెండు పక్కల డిఫెండర్లుగా, లిజరాజు, సాన్యోల్ ఉన్నారు, ఖాళీ లేదు, అందుకని 2003లో రెండేళ్ళకి స్టుట్‌గార్ట్‌కి లోన్ మీద పంపారు. అక్కడ రైట్ బ్యాక్‌లో హింకెల్ ఉన్నాడు, సరే అని కోచ్ మాగట్ ఈ కుడికాలి కుర్రాడిని లెఫ్ట్ బ్యాక్‌లో ఆడించాడు. మామూలుగా అయితే కుడికాలివాడు ఎడమ పక్కన ఆడితే క్రాస్ వెయ్యడానికి తిప్పలు పడతాడు. లామ్ మాత్రం ఆ ఇబ్బందినే ఆయుధం చేసుకున్నాడు, లైను పట్టుకుని పరిగెత్తకుండా లోపలికి కోసుకుని వచ్చి కుడికాలితో కొట్టడం. 2006 వరల్డ్ కప్ మొట్టమొదటి గోల్ సరిగ్గా అదే. మ్యూనిక్‌లో కోస్టారికా మీద 6వ నిమిషం, చేతికి కట్టుతోనే ఆడుతున్నాడు, ఎడమ పక్క నుంచి లోపలికి ఒక డిఫెండర్‌ని దాటి బంతిని అవతలి పోస్టు పైమూలకి తిప్పి కొట్టాడు. ఇప్పటికీ ఎన్నిసార్లు చూసినా ఒళ్ళు పులకరిస్తుంది.

తర్వాత రైట్ బ్యాక్‌కి మారాడు, మళ్ళీ అదే స్థాయి. 2013లో గార్డియోలా బేయర్న్ కోచ్‌గా వచ్చాక, అప్పటికి లామ్‌కి ముప్పై దగ్గర పడుతున్నాయి, ఏకంగా మిడ్‌ఫీల్డ్ మధ్యలో పెట్టేశాడు. పదేళ్ళు గీత పక్కన ఆడినవాడికి, అంటే వీపు వెనక ఎప్పుడూ టచ్‌లైనే ఉండేవాడికి, ఒక్కసారిగా నాలుగు వైపుల నుంచీ ప్రత్యర్థులు వస్తుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. అతను మాత్రం పుట్టినప్పట్నుంచీ అక్కడే ఆడుతున్నవాడిలా ఆడాడు. తను ట్రైనింగ్ ఇచ్చిన వాళ్ళలో బహుశా ఇంత తెలివైన ప్లేయర్ ఇంకొకడు లేడని గార్డియోలా అన్నది ఊరికే కాదు.

ఇక 2014 వరల్డ్ కప్. మొదట్లో జర్మనీ కోచ్ యోఖిమ్ లోవ్ కూడా లామ్‌ని మిడ్‌ఫీల్డ్‌లోనే ఆడించాడు, జర్మనీలో దాని మీద పెద్ద రచ్చే జరిగింది. అల్జీరియాతో మ్యాచ్‌లో రైట్ బ్యాక్‌లో ఉన్న ముస్తఫీ గాయపడి బయటికెళ్ళాక లామ్ రైట్ బ్యాక్‌కి వచ్చాడు, ఫ్రాన్స్ మ్యాచ్ నుంచి ఇక అక్కడే. బ్రెజిల్‌తో 7-1 మ్యాచ్‌లో అందరికీ గోల్స్ గుర్తుంటాయి కానీ క్రూస్ కొట్టిన మూడో గోల్‌కీ, ష్యూర్లే కొట్టిన ఆరో గోల్‌కీ కుడి పక్క నుంచి బంతి పంపింది లామే. ఒక మనిషిని పక్కకి జరిపితే టీమ్ మొత్తం కుదురుకుంది, ఇలాంటి ఆటగాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి. పైగా కెరీర్ మొత్తంలో ఒక్క రెడ్ కార్డ్ లేదు, డిఫెండర్ అయ్యుండి!

అలాగని లామ్ తప్పులే చెయ్యలేదని కాదు. 2008 యూరో సెమీస్‌లో టర్కీవాళ్ళ రెండో గోల్ అతన్ని దాటుకుని వెళ్ళిన సబ్రి క్రాస్ వల్లే వచ్చింది, నాలుగు నిమిషాల్లో తనే ముందుకెళ్ళి హిట్జిల్స్‌పెర్గర్‌తో వన్-టూ ఆడి 90వ నిమిషంలో గెలుపు గోల్ కొట్టాడు. ఫైనల్లో మాత్రం స్పెయిన్ ఆటగాడు టోరెస్ అతన్ని మించిపోయి గోల్ కొట్టాడు, ఆ బాకీ తీర్చుకునే చాన్స్ ఆ రోజు దొరకలేదు. మైదానం బయట కూడా, 2010 వరల్డ్ కప్‌కి జర్మనీ కెప్టెన్ బలాక్ గాయంతో దూరమయ్యాక కెప్టెన్ అయ్యి, టోర్నీ మధ్యలోనే ఈ కెప్టెన్ బ్యాండ్ వదులుకోవాలని లేదు అనడం నాకు నచ్చలేదు, పెద్దాయన లేనప్పుడు ఆ మాట అవసరం లేదు.

ష్వైనీ అభిమానులు ఇక్కడ 2014 ఫైనల్ ముందు పెడతారు, పెట్టాలి కూడా. ఆ రోజు ఖెదీరా వార్మప్‌లోనే తప్పుకున్నాడు, బదులు దిగిన క్రామర్ తలకి దెబ్బ తగిలి ఫస్ట్ హాఫ్‌లోనే వెళ్ళిపోయాడు, మధ్యలో భారమంతా ష్వైనీ మీదే పడింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో అర్జెంటీనా ఆటగాడు అగ్వేరో చెయ్యి తగిలి కంటి కింద చిట్లి రక్తం కారుతుంటే పక్కకెళ్ళి కుట్టించుకుని మళ్ళీ లోపలికొచ్చి ట్యాకిల్ తర్వాత ట్యాకిల్ వేశాడు. అంతకు రెండేళ్ళ ముందు సొంత స్టేడియంలో చెల్సీతో చాంపియన్స్ లీగ్ ఫైనల్ షూటౌట్‌లో అతని పెనాల్టీ పోస్టుకి తగిలింది, ఆ రాత్రి జెర్సీ ముఖం మీదకి లాక్కున్న మనిషి ఇతనే. ఒక్క మ్యాచ్‌కి, ప్రాణం పెట్టి ఆడేవాడు కావాలి అంటే నేనూ ష్వైనీనే తీసుకుంటా, అనుమానమే లేదు.

కానీ మనం అడుగుతున్నది కెరీర్ గురించి. 2014 తర్వాత ష్వైనీకి గాయాలు పెరిగాయి, 2015లో మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్ళాడు, మౌరిన్యో కోచ్‌గా వచ్చాక ఫస్ట్ టీమ్‌తో ప్రాక్టీస్ కూడా చెయ్యనివ్వలేదు, తర్వాత మౌరిన్యోనే దానికి బాధపడ్డాడు. అక్కణ్ణుంచి అమెరికాలో చికాగో క్లబ్‌కి, మొదటి మ్యాచ్‌లోనే గోల్, తర్వాత అక్కడ డిఫెన్స్‌లో కూడా ఆడాడు, 2019లో రిటైర్మెంట్. ఒక్కసారి నోరు జారకుండా ఇదంతా మోశాడు, అందుకు నాకు చాలా గౌరవం. కానీ అవి అతని ఆట స్థాయికి తగ్గ ఏళ్ళు కావు.

లామ్ వరల్డ్ కప్ ఎత్తిన వారం లోపే, 30 ఏళ్ళకే జాతీయ జట్టుకి గుడ్‌బై చెప్పాడు. క్లబ్‌లో కూడా ఇంకో ఏడాది కాంట్రాక్ట్ ఉండగానే 2017లో ఆపేశాడు. తొందరపడ్డాడని చాలామంది తిట్టారు, నాకైతే అది కూడా అతని ఆటలో భాగమే అనిపిస్తుంది, ఎప్పుడు ముందుకెళ్ళాలో ఎప్పుడు ఆగాలో తెలిసినవాడు. అతని తర్వాత జర్మనీ రైట్ బ్యాక్ కోసం ఎన్ని తంటాలు పడిందో తెలుసుగా, చివరికి మిడ్‌ఫీల్డర్ కిమిచ్‌ని తెచ్చి అక్కడ నిలబెట్టాల్సొచ్చింది.

మరి అదే తరం జర్మనీ ఆటగాళ్ళు క్లోజె, పొడోల్‌స్కీ సంగతేంటి అంటారా? క్లోజెకి వరల్డ్ కప్‌ల్లో 16 గోల్స్, స్ట్రైకర్‌గా అతని లెక్కే వేరు, ఈ పోలికలోకి లాగడం అన్యాయం. పొడోల్‌స్కీ అంటే నాకు ప్రేమే కానీ క్లబ్ కెరీర్ ఈ ఇద్దరి దరిదాపుల్లో లేదు.

కాబట్టి నా ఓటు లామ్‌కే. మీకు ఇంకా డౌటుంటే ఆ బ్రెజిల్ మ్యాచ్ ఫుల్ రీప్లే పెట్టుకోండి, గోల్స్ వదిలేసి, బంతి అవతలి పక్కన ఉన్నప్పుడు లామ్ ఎక్కడ నిలబడుతున్నాడో ఫస్ట్ హాఫ్ అంతా అదొక్కటే చూసి, అప్పుడొచ్చి నాతో వాదించండి.