సబ్బులకి నూనె కొనేవాళ్లు జాగ్రత్త! కల్తీ కొబ్బరినూనె అంటగట్టి, అడిగితే బ్లాక్ చేశాడు

ఇంట్లో సబ్బులు చేసి అమ్ముకునేవాళ్లందరూ ఇది చదవండి, ముఖ్యంగా వాట్సాప్ గ్రూపులో హోల్‌సేల్ రేటుకి నూనెలు, మోల్డులు పంపే ఆయన దగ్గర కొంటున్నవాళ్లు. ఎవరి గురించి చెప్తున్నానో మీలో చాలామందికి ఇప్పటికే అర్థమై ఉంటుంది, రోజూ పొద్దున్నే "ఈరోజు ఆఫర్" అని మెసేజ్ పెడతాడు చూడండి, ఆయనే.

సరదాగా మొదలుపెట్టిన సబ్బులకి ఇప్పుడిప్పుడే ఆర్డర్లు వస్తున్నాయి. ఒక సీమంతానికి రిటర్న్ గిఫ్టులు చేయాలని 15 కిలోల కొబ్బరినూనె టిన్ను తెప్పించాను. గానుగ నూనె అన్నాడు, కల్తీ అని తేలితే డబ్బులు వాపస్ అన్నాడు, ఆ వాయిస్ మెసేజ్ ఇంకా నా ఫోన్లో ఉంది.

కోల్డ్ ప్రాసెస్, అంటే పొయ్యి మీద ఉడికించకుండా నూనెలో కాస్టిక్ సోడా నీళ్లు కలిపి సబ్బు పోసే పద్ధతి, చేసేవాళ్లకి ఈ లెక్క తెలుసు. కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బు కావడానికి సుమారు 183 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది, పామాయిల్‌కి 141 చాలు, పారాఫిన్ లాంటి మినరల్ ఆయిల్ అయితే అసలు సబ్బే కాదు. ఆ లెక్క చూసుకుని, భద్రతకి 5 శాతం నూనె మిగిలేలా సోడా కాస్త తగ్గించి వేసుకుంటాం. కొబ్బరినూనె పేరుతో ఇంకేదో కలిపి అమ్మితే ఆ లెక్క తప్పిపోయి సబ్బులో కాస్టిక్ సోడా మిగిలిపోతుంది, అది రుద్దుకుంటే చర్మం మండిపోతుంది. నా సబ్బులకి సరిగ్గా అదే జరిగింది. క్యూరింగ్‌కి, అంటే ఆరి గట్టిపడడానికి, పెట్టి వారాలు గడిచినా పైన నూనె ఊరుతూనే ఉంది, నాలుక కొనకి తాకిస్తే చురుక్కుమంది. అదే కాస్టిక్ సోడా, అదే త్రాసు, అవే కొలతలు, వేరే చోట కొన్న నూనెతో అంతకుముందు చేసినవి మాత్రం బాగానే ఉన్నాయి. టిన్నులో మిగిలిన నూనె గ్లాసులో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. మంచి కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకోవడం మొదలవుతుంది కదా, ఇది కింద తెల్లగా గడ్డకట్టింది, పైన ఒక పొర మాత్రం అలాగే కారుతూ ఉంది.

ఫొటోలు పంపి ఫోన్ చేశాను. డబ్బులు పంపేవరకూ మాటకి ముందు "అక్కా", మాటకి వెనక "అక్కా" అన్న మనిషి, "ఏమ్మా, నీకు సబ్బు చేయడం రాక మా నూనె మీద పడతావా" అన్నాడు. ఫ్రిజ్‌లో పెట్టిన గ్లాసు సంగతి చెప్తే, వంటింట్లో నాలుగు సబ్బులు పోసుకునేవాళ్లు కూడా టెస్టులు చేస్తున్నారా అని నవ్వాడు. పక్కన ఇంకెవరో కూడా నవ్వడం నాకు వినిపించింది. వాయిస్ మెసేజ్ గుర్తు చేసేసరికి గొంతు మారింది. "నువ్వు వ్యాపారానికి కొన్నావు, కన్స్యూమర్ కోర్టులో నీ కేసే తీసుకోరు, దిక్కున్నచోట చెప్పుకో" అని పెట్టేశాడు. మళ్లీ చేసేలోపే నంబర్ బ్లాక్ చేశాడు, గ్రూపులోంచి కూడా తీసేశాడు.

డబ్బు పోయిందన్న బాధ కంటే ఆ నవ్వు తలచుకుంటేనే ఇప్పటికీ నా ఒళ్లు మండుతోంది. నిండు గర్భిణి చేతికి, ఆ ఫంక్షన్‌కి వచ్చే చిన్నపిల్లల చేతికి వెళ్లాల్సిన సబ్బులవి. వాళ్లలో ఎవరికైనా ఒళ్లు పొక్కితే ఎవరు సమాధానం చెప్పేవాళ్లు? ఆర్డర్ వదులుకుని అడ్వాన్స్ తిరిగిచ్చేశాను.

ఇంకొకటి, ఆయన చెప్పిన చట్టం అబద్ధం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునే సరుకు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. ఆ లెక్కన సొంతంగా సబ్బులు చేసుకుని బతికే మనం వినియోగదారులమే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను.

ఎవరి దగ్గర కొన్నా ముందు కాస్త నూనె ఫ్రిజ్‌లో పెట్టి చూడండి, చిన్న బ్యాచ్ పోసి చూశాకే ఆర్డర్‌కి వాడండి, కచ్చా రసీదు ఇస్తానంటే డబ్బులు పంపొద్దు. ఆయన దగ్గర ఈ మధ్య టిన్ను తీసుకున్నవాళ్లు దాంతో చేసిన సబ్బులు ఎవరికీ ఇవ్వకండి, టిన్ను ఫొటోలు తీసి నాకు పంపండి. మిగిలిన నూనె మాత్రం పారబోయకండి, ల్యాబ్‌లో పరీక్ష చేయించాలంటే అదే కావాలి.